ఏడాదికా, ఐదేళ్ళకా?

జీతాలు పడే వారం వచ్చిందంటే మన గ్రూపులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అక్కా, ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ ఇప్పుడు ఏడాదికి వేస్తే మంచిదా, ఐదేళ్ళకి వేస్తే మంచిదా? వడ్డీలు ఇంకా తగ్గుతాయంటున్నారు కదా?" వెంటనే ఒకరు "లాంగ్ వేసెయ్ చెల్లీ, మళ్ళీ ఈ వడ్డీ దొరకదు" అంటారు. ఇంకొకరు "వద్దు వద్దు, డబ్బు ఇరుక్కుపోతుంది, ఏడాదికే వెయ్" అంటారు. అరగంటలో ముప్పై మెసేజ్‌లు. అడిగిన పిల్ల మాత్రం మొదట ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

నేను బ్యాంకు మనిషిని కాదు. 14 ఏళ్ళుగా కువైట్‌లో నర్సుని, మాది రాజంపేట దగ్గర పల్లె. కానీ ఈ ప్రశ్నకి నేను రెండు సార్లు జవాబు చెప్పుకుని, రెండు సార్లూ తప్పాను. అదీ ఒకే వైపు కాదు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఈ జూన్‌లో మూడోసారి చెప్పుకోవాలి. అందుకే రాస్తున్నా.

మొదటి తప్పు 2021 జూన్‌లో. కరోనా భయం ఇంకా పోలేదు. డబుల్ డ్యూటీలు చేసి కూడబెట్టిన 10 లక్షలు ఊళ్ళో బ్యాంకులో ఉన్నాయి. మా బావగారు ఫోన్ చేసి, "అమ్మా, వడ్డీలు రోజురోజుకీ పడిపోతున్నాయి, ఐదేళ్ళకి వేస్తే 5.4 ఇస్తారంట, ఏడాదికైతే 5 మాత్రమే" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. ఆ రోజు పేపర్లు కూడా అదే రాస్తున్నాయి. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 2020 మే నుంచి 4 శాతం దగ్గరే ఉంది. ఇక వడ్డీలు పెరిగే రోజులు పోయాయని అందరం అనుకున్నాం. మొత్తం 10 లక్షలూ ఒకే ఎఫ్‌డీగా, ఐదేళ్ళకి వేశాను.

ఏడాది తిరగకముందే, 2022 మే నెలలో, మామూలు మీటింగ్ రోజు కూడా కాని రోజున రిజర్వ్ బ్యాంకు రేటు పెంచింది. అక్కణ్ణించి ఆరు సార్లు పెంచి 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి తెచ్చింది. నా పక్క బెడ్ స్పేస్‌లో ఉండే పిల్ల కొత్తగా ఎఫ్‌డీ వేసి "అక్కా, నాకు 7 ఇచ్చారు" అంటే, నవ్వుతూ "మంచిది" అన్నాను గానీ కడుపు మండింది.

అప్పుడు రెండో పాఠం నేర్చుకున్నాననుకున్నా. "ఇకమీదట ఐదేళ్ళ జోలికి పోను." 2023 మార్చిలో ఇంకో 4 లక్షలు చేతికొచ్చాయి. ఏడు శాతానికి ఐదేళ్ళకి కూడా ఇస్తామన్నారు. నేను ఏడాదికే వేశాను, వచ్చే ఏడాది ఎనిమిది అవుతుందేమోనని. 2024లో మళ్ళీ ఏడాదికి. 2025లో మళ్ళీ. ఈలోగా గాలి తిరిగింది. 2025లో రిజర్వ్ బ్యాంకు నాలుగు సార్లు తగ్గించి, డిసెంబరుకి 5.25కి దించింది. ఈ మార్చిలో నా 4 లక్షలకి బ్యాంకు చెప్పిన రేటు ఆరుంపావు. 2023లోనే ఐదేళ్ళకి వేసి ఉంటే 2028 దాకా ఏడు శాతం నాదే.

అంటే పెరగబోయే ముందు తాళం వేశాను, తగ్గబోయే ముందు తాళం తీసి ఉంచాను. దీనికి నా తెలివితక్కువతనమే కారణమని చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నేను తప్పుగా ఊహించడం ఒక తప్పే గానీ, అసలు ఊహ మీద మొత్తం డబ్బు పెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ఎందుకంటారా? బ్యాంకులు కూడా ఊహించే రేట్లు పెడతాయి. వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళు, కంప్యూటర్లు, లెక్కలు అన్నీ ఉంటాయి. 2023లో స్టేట్ బ్యాంక్ అమృత్ కలశ్ అని 400 రోజుల డిపాజిట్ పెట్టి 7.10 శాతం ఇచ్చింది. అదే సమయంలో ఐదేళ్ళు, ఆపైన దానికి అంతకంటే తక్కువే ఇచ్చింది. ఎక్కువ కాలం కట్టేసుకుంటే ఎక్కువ వడ్డీ ఇవ్వాలి కదా అని మనకి వింతగా ఉంటుంది. కానీ రేట్లు ముందుముందు దిగుతాయని బ్యాంకు అనుకుంటే ఐదేళ్ళపాటు పెద్ద వడ్డీ ఎందుకు ఒప్పుకుంటుంది? కాబట్టి "రేట్లు తగ్గుతాయి, తొందరగా లాంగ్ వేసెయ్" అని మనకి వాట్సాప్‌లో తెలిసేసరికి, ఆ సంగతి బ్యాంకు బోర్డు మీద రాసిన రేటులో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. మనం బ్యాంకు ఊహ కంటే మన ఊహ గొప్పదని పందెం కడుతున్నాం, అంతే.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. "వడ్డీ ఎటు పోతుంది?" అనే ప్రశ్న పక్కన పెట్టండి. దానికి జవాబు మన దగ్గర లేదు. "ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి?" అని అడగండి. దీనికి జవాబు మనకే తెలుసు, బ్యాంకుకి తెలియదు.

ఇది మనకి కొత్త సంగతి కాదు. చీటీలు వేసిన ఆడవాళ్ళం మనం. చీటీ పాటలో ఎవరు ముందు పాడుకుంటారు? కూతురి పెళ్ళి ఉన్నవాళ్ళు, స్థలం రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు. అవసరం లేనివాళ్ళు ఆఖరిదాకా ఆగుతారు. పాట ఏ నెల ఎంతకి పోతుందో ముందే కనిపెట్టి పాడుకునేవాళ్ళని నేను చూడలేదు. అవసరం చూసి పాడుకుంటాం. ఎఫ్‌డీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం జ్యోతిష్కులం అయిపోతాం.

అవసరం చూసుకోకపోతే ఏమవుతుందో మా వార్డులో ఒక చెల్లెలికి జరిగింది చెప్తాను. 12 లక్షలు, ఒకటే ఎఫ్‌డీ, మంచి వడ్డీ, 6.8 శాతం. పది నెలలకి వాళ్ళ నాన్నకి ఆపరేషన్ పడింది. కావలసింది 2 లక్షలు. ఒకే ఎఫ్‌డీ కాబట్టి మొత్తం తీసేయాల్సిందే అన్నారు ఇంట్లో. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీకి ఒక నియమం ఉంది, ఏడాది నిండకుండా తీస్తే అసలు వడ్డీయే ఇవ్వరు. పది నెలల వడ్డీ, దాదాపు 68 వేలు, పైసా రాలేదు. ఇక్కడ ఆ పిల్ల వడ్డీ రేటు ఎంచుకోవడంలో తప్పేమీ చేయలేదు. ముక్కలు చేయకపోవడమే తప్పు. డిపాజిట్ మీద అప్పు తీసుకోవచ్చని కూడా ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే కొంచెం ఎక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు ఇస్తుంది. రెండు లక్షలకి రెండు మూడు నెలలు ఆ వడ్డీ కట్టుకున్నా 68 వేల ముందు అదెంత?

మా అమ్మ ఆవకాయ పెడితే పెద్ద జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టేసేది. రోజూ వాడుకోవడానికి చిన్న జాడీ వేరే. పెద్ద జాడీ మూత ఊరికే తీస్తే మొత్తం పాడైపోతుందని. ఎఫ్‌డీలు కూడా చిన్న జాడీల్లో పెట్టుకోవాలి. 10 లక్షలు ఉంటే ఒక్క కాగితం కాదు, రెండేసి లక్షలవి ఐదు. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్ళకి, తర్వాత మూడు, నాలుగు, ఐదు. ప్రతి ఏడాదీ ఒకటి చేతికొస్తుంది. అవసరం ఉంటే వాడుకోండి. లేకపోతే దాన్ని మళ్ళీ ఐదేళ్ళకి వేయండి. రేట్లు పెరిగితే ఏటా ఒక ముక్కకి పెరిగిన వడ్డీ దొరుకుతుంది. రేట్లు తగ్గితే మిగతా నాలుగు ముక్కలు పాత వడ్డీ మీదే నడుస్తుంటాయి. హఠాత్తుగా అవసరం పడితే ఒక ముక్కే విరుగుతుంది.

"ఇలా చేస్తే అందరికంటే ఎక్కువ వడ్డీ రాదు కదా అక్కా?" అంటారు. రాదు. నిజమే. 2023లో మొత్తం ఐదేళ్ళకి వేసినవాళ్ళు మెట్లు కట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువ సంపాదించారు. కానీ 2021లో మొత్తం ఐదేళ్ళకి వేసిన నాలాంటివాళ్ళు తక్కువ సంపాదించారు. ఇద్దరూ వేసింది ఒకే మాట నమ్మి, "ఇక వడ్డీలు తగ్గుతాయి" అని. ఒకరికి నిజమైంది, ఇంకొకరికి కాలేదు. మెట్లు కట్టుకుంటే అందరికంటే గొప్పగా రాదు, అందరికంటే అన్యాయంగానూ రాదు. ఎండలో, ఏసీలో నడుము విరిగేలా సంపాదించిన డబ్బుకి నాకు అది చాలు.

సరే, తేదీ తెలిసిన అవసరం ఏదీ లేదు, ఏడాదికో మూడేళ్ళకో తేల్చుకోవాలి అంటే ఒక చిన్న లెక్క ఉంది. ఉదాహరణకి ఏడాదికి 6.6, మూడేళ్ళకి 6.4 ఇస్తున్నారనుకోండి. మూడేళ్ళకి 6.4 చొప్పున కలిపితే 19.2. అందులోంచి మొదటి ఏడాది 6.6 తీసేస్తే 12.6 మిగిలింది. రెండుతో భాగిస్తే 6.3. అంటే ఏడాదికి వేసుకుని, ఆ తర్వాత రెండేళ్ళూ సగటున 6.3 దొరికితే రెండూ దాదాపు సమానం. అంతకంటే తగ్గుతుందని మీకు భయం ఉంటే మూడేళ్ళది. తగ్గినా పర్లేదు, డబ్బు చేతిలో ఆడాలి అనుకుంటే ఏడాదిది. భవిష్యత్తు తెలియకపోయినా, దేనికి ఒప్పుకుంటున్నామో తెలిసి ఒప్పుకోవడం వేరు.

ఇంకో మాట. "ఎఫ్‌డీ విరగ్గొట్టకూడదు, నష్టం" అని మన ఇళ్ళల్లో ఒక శాస్త్రంలా చెప్తారు. 2023 మార్చిలో నా 5.4 ఎఫ్‌డీని తీసేసి 7 శాతానికి వేద్దామా అని అడిగితే బావగారు ఇదే అన్నారు. మా ఆయన కూడా "పోనీలే, ఉన్నది ఉండనీ" అన్నారు. నేనూ ఊరుకున్నా. ఈ మధ్య ఒక నైట్ డ్యూటీలో పేషెంట్లందరూ పడుకున్నాక ఫోన్లో లెక్క వేసి చూశా. ముందే తీస్తే, గడిచిన 21 నెలలకీ ఏడాది రేటు 5 శాతంలోంచి ఒక శాతం జరిమానా పోను 4 శాతం చొప్పునే ఇచ్చేవారు. 10 లక్షలు 10,72,000 అయ్యేది. అలాగే ఉంచితే అప్పటికి 10,98,000. అంటే 26 వేలు నష్టం. అందరికీ కనపడింది ఇదే. కానీ ఆ 10,72,000ని మిగిలిన 39 నెలలకి 7 శాతానికి వేసి ఉంటే ఈ జూన్‌కి 13,43,000 అయ్యేది. ఇప్పుడు నా చేతికొచ్చేది 13,07,000. విరగ్గొట్టకపోవడం వల్ల పోయింది 35 వేల పైనే.

అందరూ విరగ్గొట్టండి అని కాదు. గడువు ఇంకో ఆరేడు నెలలే ఉంటే విరగ్గొట్టడం దండగే. బ్యాంకుకి వెళ్ళి, లేదా ఫోన్ చేసి, రెండు ప్రశ్నలు అడగండి. "ఇవాళ తీస్తే సరిగ్గా ఎంత చేతికొస్తుంది? ఉంచితే గడువు నాటికి ఎంత వస్తుంది?" ఆ రెండు అంకెలు దొరికితే మిగతాది పదో తరగతి లెక్క. జరిమానా బ్యాంకుని బట్టి మారుతుంది, కాబట్టి ఎఫ్‌డీ వేసే రోజునే అది ఎంతో అడిగి రాసి పెట్టుకోండి.

గల్ఫ్‌లో ఉండే మనకి గడువు విషయంలో ఇంకో చిక్కు ఉంది. మనం ఇక్కడ ఎన్నేళ్ళు ఉంటామో మన చేతిలో లేదు. వీసా, కాంట్రాక్టు, ఆరోగ్యం. 1990 ఆగస్టులో కువైట్‌లో ఉన్న పెద్దవాళ్ళని అడగండి, కట్టుబట్టలతో వెళ్ళిన కథలు చెప్తారు. మనం ఎన్‌ఆర్‌ఐలుగా ఉన్నంతకాలం ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ కువైట్‌లోనూ ఆదాయపు పన్ను లేదు. ఇండియాకి తిరిగొచ్చి స్థిరపడితే ఖాతా మార్చుకోవాలి, అక్కణ్ణించి వడ్డీకి పన్ను పడుతుంది. రెండేళ్ళలో వెళ్ళిపోదాం అనుకునేవాళ్ళు "ఐదేళ్ళకి 6.5 పన్ను లేకుండా" అని లెక్క వేసుకుంటే అది తప్పుడు లెక్క. అమెరికా, లండన్‌లలో ఉన్న మన చెల్లెళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇండియాలో పన్ను లేకపోయినా అక్కడి రిటర్న్‌లో ఆ వడ్డీ చూపించాల్సి వస్తుంది. పన్ను పోను మిగిలేది చూసి, అక్కడి డిపాజిట్లతో పోల్చుకోండి. తిరిగి రూపాయల్లో ఖర్చు పెట్టే ఉద్దేశం లేనివాళ్ళకి ఎఫ్‌సీఎన్‌ఆర్ అని డాలర్, పౌండు వంటి విదేశీ డబ్బులోనే ఉండే డిపాజిట్ ఒకటి ఉంది. ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా వేసుకోవచ్చు. 2021 మధ్యలో 74 దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. రూపాయి వడ్డీ ఎక్కువని మురిసిపోయేవాళ్ళు ఇది కూడా చూడాలి.

పావు శాతం, అర శాతం ఎక్కువ వస్తుందని పేరు తెలియని బ్యాంకులో మొత్తం పెట్టేవాళ్ళకి ఒక సంగతి. బ్యాంకు మునిగితే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఇచ్చేది ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షలే. పెద్ద బ్యాంకైనా చిన్న బ్యాంకైనా ఇదే హద్దు. చిన్న బ్యాంకులో వేయొద్దని కాదు, వేస్తే ఆ 5 లక్షలు దాటకుండా వేయండి.

చివరగా, మన గ్రూపులో ఎవరూ గట్టిగా మాట్లాడని సంగతి. డిపాజిట్ గడువు ఎంత అని నిర్ణయించేది ఎవరు? మనలో చాలామంది డబ్బు పంపడం వరకే. ఎక్కడ వేశారు, ఎన్నేళ్ళకి వేశారు, ఎప్పుడు తీరుతుంది, ఏదీ తెలియదు. గడువు తీరిన రోజు ఎవరూ ఏమీ చెప్పకపోతే చాలా బ్యాంకుల్లో అది అంతే కాలానికి, ఆ రోజు రేటుకి దానంతటదే రెన్యువల్ అయిపోతుంది. నా 4 లక్షలు 2025లో అలాగే అయ్యాయి. నేను ఐదేళ్ళకి మారుద్దామా అని ఆలోచించే అవకాశం కూడా రాలేదు. తప్పు ఎవరిదీ కాదు, తేదీ నా దగ్గర లేదు, అంతే. ఇప్పుడు నా డ్యూటీ రోస్టర్ పక్కనే ఫోన్లో ప్రతి ఎఫ్‌డీ తేదీ పెట్టుకున్నా, గడువుకి పది రోజుల ముందు మోగేలా. రేటు, గడువు, నామినీ పేరు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నా. బావగారికి ఆ పుస్తకం ఫోటో పంపాను. ఆయన ఏమీ అనుకోలేదు. "మంచి పని చేశావమ్మా, నాకూ బరువు తగ్గింది" అన్నారు.

జూన్‌లో నా 13 లక్షలు వస్తాయి. మా పెద్దమ్మాయి ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్‌లో చేరుతుంది. ఈసారి నేను వడ్డీ వార్తలు చూడటం మానేసి ఒక కాగితం తీసుకున్నా. మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ కోసం 2 లక్షలు ఎఫ్‌డీ వేయకుండా సేవింగ్స్‌లోనే. తర్వాతి మూడేళ్ళ ఫీజులకి రెండేసి లక్షలు, ఏడాదికి, రెండేళ్ళకి, మూడేళ్ళకి. అత్తమ్మ ఆరోగ్యం, మా టికెట్లు, ఏదైనా కష్టం కోసం లక్ష చొప్పున రెండు చిన్న ఎఫ్‌డీలు ఏడాదికి. మిగిలిన 3 లక్షలు ఐదేళ్ళకి, మేం ఊరికి వెళ్ళిపోయే రోజు కోసం.

రేట్లు ఇంకా తగ్గితే ఏడాది ముక్కల మీద కొంచెం పోతుంది. పెరిగితే ఐదేళ్ళ ముక్క మీద పోతుంది. పోనివ్వండి. మూడో ఏడాది ఆగస్టులో కాలేజీ వాళ్ళు ఫీజు అడిగినప్పుడు డబ్బు ఆ రోజుకి చేతిలో ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు, దేన్నీ విరగ్గొట్టక్కర్లేదు. ఇన్ని డబుల్ డ్యూటీలు చేసింది దానికోసమే కదా.

ఈ శుక్రవారం సెలవు రోజున మీరూ ఒక కాగితం తీసుకోండి. ఒక వైపు మీ ఎఫ్‌డీల తేదీలు, ఇంకో వైపు మీ ఇంటి అవసరాల తేదీలు రాయండి. రెండూ ఎక్కడ కలవడం లేదో చూడండి. ఆ తర్వాత గ్రూపులో అడగండి, ఏడాదికా ఐదేళ్ళకా అని. అప్పటికి జవాబు మీ కాగితం మీదే ఉంటుంది.